ప్లాట్‌ఫారం మీద వడియాలు

మొన్న పిఠాపురం అమ్మవారి దర్శనానికని తమ్ముడూ నేనూ రాజమండ్రిలో పొద్దున్నే కారెక్కాం. సామర్లకోట వెళ్ళే కాలువ గట్టు రోడ్డు మీద సగం దూరం పోయాక, చెట్ల సందులోంచి ఎర్ర ఇటుకల గోడ, దాని మీద కమాను కిటికీ కనబడ్డాయి. కారు ఆపమన్నాను. తమ్ముడు ఆపలేదు. దర్శనం లైను పెరిగిపోతుందన్నాడు. అరవై దాటిన అక్క గట్టిగా ఆపమంటే ఆపక తప్పదు కాబట్టి అర కిలోమీటరు ముందుకు పోయాక ఆపి, గొణుక్కుంటూ వెనక్కి తిప్పాడు.

అది ఒకప్పుడు మా స్టేషను. మా అని ఎందుకంటున్నానంటే, నాన్నగారు అక్కడ స్టేషను మాస్టరుగా పనిచేశారు. విక్టోరియా రాణి కాలంలో, ఈ రైలు దారి వేసిన కొత్తలోనే కట్టారట ఆ స్టేషనుని. రైళ్ళు అక్కడ ఆగడం మానేసి ఎన్నో ఏళ్ళయింది. పైకప్పు సగం కూలింది. టికెట్లిచ్చే కిటికీకి చువ్వలు లేవు. వెయిటింగు గదిలో తుమ్మచెట్టు మొలిచి, కిటికీలోంచి కొమ్మ బయటికి చాచింది. పోత ఇనుప స్తంభాలు రెండు మాత్రం చెక్కుచెదరలేదు. చిన్నప్పుడు ఆ స్తంభాన్ని పట్టుకుని కళ్ళు తిరిగేదాకా గుండ్రంగా తిరిగేదాన్ని. ఇప్పుడు కూడా ఒకసారి తిరిగి చూద్దామనిపించింది కానీ, తమ్ముడు చూస్తున్నాడని ఊరుకున్నాను.

ప్లాట్‌ఫారం ఎక్కబోతుంటే, "ధాన్యం తొక్కకండమ్మా" అని కేక వినబడింది. చూద్దును కదా, ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివర దాకా ధాన్యం ఆరబోసి ఉంది. ఒక రైతు తలపాగా చుట్టుకుని, పొడవాటి చెక్కపారతో గింజల్ని తిరగేస్తున్నాడు. నాకు నవ్వాగలేదు. ఏంటక్కా ఆ నవ్వు అన్నాడు తమ్ముడు. వాడికేం తెలుసు? అప్పటికి వాడు ఉయ్యాల్లో ఉన్నాడు. అక్కడే ఆ ఇనుప స్తంభానికి ఆనుకుని కూర్చుని ఈ కథంతా వాడికి చెప్పాను.

మా కుటుంబం ఆ స్టేషనుకి వచ్చేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, మాతోనే ఉండేది. నాన్నగారి ఉద్యోగం పుణ్యమా అని అంతకుముందు ఆరు ఊళ్ళు మారాం. అన్నీ మెట్ట ఊళ్ళే. ఒక ఊళ్ళో బావి నీళ్ళు ఉప్పు, ఒక ఊళ్ళో చేదు, ఒక ఊళ్ళో నీళ్ళే లేవు. రోజూ గూడ్సు బండి ఇంజను డ్రైవరు దయతలిచి వదిలిన నీళ్ళతో వంట చేసుకున్నాం. కోనసీమలో పుట్టి, నదిలో మునిగి లేస్తే తప్ప స్నానం అనుకోని మామ్మ, ఆ ఆరు ఊళ్ళలోనూ చెంబెడు నీళ్ళతో మడి కట్టుకుంది. ఇక్కడికి వచ్చిన రోజున సామాను దింపుతుంటే పట్టించుకోకుండా తిన్నగా కాలువ దగ్గరకు నడిచి, దోసిలితో నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకుంది. తిరిగొచ్చి నాన్నగారితో, "ఇవి గోదారి నీళ్ళురా. ఇంక నన్ను ఇక్కణ్ణుంచి కదపకు" అంది. నాన్నగారు సరేనమ్మా అన్నారు. బదిలీలు ఆయన చేతిలో ఉన్నట్టు!

స్టేషను పక్కనే మా క్వార్టరు. దానికి రెండు గదులు, ఒక పంచ. రోజుకి నాలుగు బళ్ళు ఆగేవి. పొద్దున్న తొమ్మిదింటికి సామర్లకోట వైపు వెళ్ళే పాసింజరు పోయిందంటే, మళ్ళీ మూడింటికి అటునుంచి వచ్చే పాసింజరు దాకా ఆగే బండి లేదు. మధ్యలో మెయిలు ఒకటి ఆగకుండా రివ్వున పోయేది. ఆ ఆరు గంటలూ ప్లాట్‌ఫారం ఊరి ఆడవాళ్ళది.

ఇది ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. ఊరు పల్లపు ఊరు. ఏ వాకిలి చూసినా చెమ్మే. ప్లాట్‌ఫారానికేమో తెల్లదొరలు నున్నటి నాపరాళ్ళు పరిచి పోయారు. వేసవిలో ఆ రాళ్ళు పెనంలా కాలేవి. అంతకంటే మంచి ఆరుబయలు చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో లేదు. ఎండాకాలం వచ్చిందంటే తొమ్మిదింటి బండి పొగ గాల్లో కలవకముందే ఆడవాళ్ళు గంపలతో, చాపలతో దిగిపోయేవాళ్ళు. పిండి వడియాలు, చల్లమిరపకాయలు, ఎండుకారానికి మిరపకాయలు, ఆవకాయకి ఉప్పు, తాటాకు చాపల మీద పొరలు పొరలుగా మామిడి తాండ్ర. ఏ ఇంటివాళ్ళ రాళ్ళు ఏవో తరాల నుంచి వస్తున్న వాటాలు. టికెట్ల కిటికీ ఎదురుగా ఉన్న రాళ్ళు ప్రెసిడెంటుగారి ఇంటివి. నీళ్ళ తొట్టి పక్కవి చాకలి వాళ్ళవి. కోడలు కాపురానికి వస్తే అత్తగారు ముందు వంటిల్లు చూపించి, తర్వాత ప్లాట్‌ఫారం మీద తమ రాళ్ళు చూపించేదని చెప్పుకునేవాళ్ళు.

మా మామ్మ కొత్తగా వచ్చినా, మాస్టారి తల్లి కాబట్టి ఆవిడకి క్వార్టరు వైపు చివర నాలుగు రాళ్ళు ఇచ్చారు. ఊరందరూ చెప్పులతో తొక్కే రాళ్ళ మీద మడి వడియాలు ఎలా పెడుతుందని అమ్మకి అనుమానం. మామ్మకి మాత్రం లేదు. కాలువ నీళ్ళు నాలుగు బిందెలు పోసి కడిగి, రాయి కాలేదాకా ఎండనిచ్చి, "సూర్యుడు ముట్టుకున్న రాయికి ఇంకేం మైల" అని తేల్చేసింది. ఆ శాస్త్రం ఏ పుస్తకంలో ఉందని అడిగే ధైర్యం ఎవరికుంది?

ఇదంతా కట్టుదిట్టంగా నడిచేది. మెయిలు వచ్చే ముందు పోర్టరు తాత వేలాడగట్టిన పట్టా ముక్కని టంగు టంగుమని కొట్టేవాడు. ఆడవాళ్ళు గబగబా గుడ్డల నాలుగు మూలల మీదా కాళ్ళు పెట్టి నిలబడేవాళ్ళు. మెయిలు డ్రైవర్లకీ ఇది అలవాటే. దూరం నుంచే కూత పెట్టి హెచ్చరించేవాళ్ళు. అయినా బొగ్గు నుసి కొంత పడేది. తణుకులో మా అత్తయ్య, మేం పంపిన వడియాలు వేయించినప్పుడల్లా, వీటిల్లో రైలు వాసన వస్తుందని ఉత్తరం రాసేది. మళ్ళీ వేసవికి ఇంకో రెండు డబ్బాలు ఎక్కువ పంపమని అదే ఉత్తరం చివర రాసేది.

నా ఉద్యోగం కాకులు తోలడం. కర్రకి నల్లగుడ్డ కట్టి ఇచ్చేవాళ్ళు. ఇస్కూలు సెలవులన్నీ అలా నీడపట్టున కూర్చునే గడిచిపోయేవి. అయితే కంచె చేను మేసిందన్న సామెత నన్ను చూసే పుట్టి ఉంటుంది. పైన ఎండి లోపల మెత్తగా ఉండే వడియం ఉంటుంది చూశారూ, పుల్లగా, కారంగా, జీలకర్ర వాసనతో, దాని రుచి కాకులకీ నాకూ మాత్రమే తెలుసు. వరసలో ఖాళీలు కనబడకుండా మిగతావి కాస్త దూరం దూరం జరిపేదాన్ని. మామ్మ సాయంత్రం చూసి, ఈ ఊరి కాకులు వడియాలు తిని వరస కూడా సర్దిపోతాయే అనేది.

మూడో వేసవిలో అనుకుంటాను, నాన్నగారికి ఒక ఉత్తరం వచ్చింది. ఈ స్టేషనులో రైలెక్కేవాళ్ళు మరీ తక్కువగా ఉన్నారట. ఉంచాలా ఎత్తేయాలా తేల్చడానికి ఫలానా రోజు ఉదయం పెద్ద ఆఫీసరుగారు స్వయంగా వస్తారట. ఆ రోజు నాన్నగారు అన్నం సరిగ్గా తినలేదు. స్టేషను ఎత్తేస్తే మళ్ళీ ఏ మెట్టకో బదిలీ. అమ్మ ఉత్తరం సంగతి మామ్మకి చెప్పొద్దంది. కానీ మామ్మ చెవులు మామూలు చెవులు కావు. ఆ సాయంత్రం ఆవిడ కాలువ గట్టున మామూలు కంటే ఎక్కువసేపు కూర్చుంది. నేను పక్కనే కూర్చున్నాను. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని అలా చూస్తూ ఉంది. ఆవిడని ఇక్కణ్ణుంచి తీసుకెళితే ఎలాగా అని నాకు మొదటిసారి భయం వేసింది.

సంగతి పోర్టరు తాత ద్వారా ఊళ్ళోకి పాకింది. ప్రెసిడెంటుగారు మంచి ఆసామి. ఎనభై ఎకరాల రైతు, గొంతు ఊరంతా వినబడుతుంది. ఆయన రావిచెట్టు కింద పంచాయితీ గట్రా పెట్టలేదు. నేరుగా ఇల్లిల్లూ తిరిగి, ఆ రోజు తొమ్మిదింటి బండికి ఊళ్ళో నడవగలిగిన ప్రతివాళ్ళూ టికెట్టు కొని సామర్లకోట వెళ్ళాలని చెప్పేశారు. ఆఫీసరు పెట్టెలో కూర్చుని చూస్తాడు, జనం ఎక్కడం చూసి నోరు తెరుస్తాడు, ఇంక ఎత్తేయడం అన్న మాట ఉండదు. ఇదీ ఆయన ఎత్తు. నాన్నగారికి ఇది నచ్చలేదు. ఒక్కరోజు వేషం వేస్తే ఆఫీసర్లకి తెలియకపోదన్నారు. అయినా ఆఫీసరుగారు ఆ బండిలోనే వస్తారని ఉత్తరంలో లేదు కదా అన్నారు. దానికి ప్రెసిడెంటుగారు నవ్వి, "రైలు ఆఫీసరు రైల్లో రాక ఎడ్లబండిలో వస్తారేంటండీ మాస్టారూ" అన్నారు. ఊరంతా ఆ మాటకి తలూపింది.

ఆ ఉదయాన్ని నేను మరిచిపోలేను. ఎనిమిదింటికల్లా ప్లాట్‌ఫారం నిండిపోయింది. పట్టుచీరలు, ఇస్త్రీ చొక్కాలు, పసుపు రాసుకున్న మొహాలు. చంటిపిల్లల్ని కూడా తెచ్చారు, లెక్కలోకి వస్తారని. టికెట్ల మీద తారీకు కొట్టే యంత్రం టకటకమంటూనే ఉంది. సామర్లకోట అట్ట టికెట్లు అయిపోయి నాన్నగారు కాగితాల మీద రాసి ఇవ్వాల్సి వచ్చింది. టికెట్టడిగిన మనిషికి లేదనకూడదు కదా. చెమటలు తుడుచుకుంటూ రాస్తూనే ఉన్నారు. ప్రెసిడెంటుగారు కడియం నుంచి తెప్పించిన గులాబీల దండ తడిగుడ్డలో చుట్టి పట్టుకున్నారు.

బండి వచ్చింది. మొదటి తరగతి పెట్టెలో ఒక కోటు మనిషి కిటికీలోంచి చూస్తూ కనబడ్డాడు. అంతే, ప్రెసిడెంటుగారు ఆ పెట్టెలోకి ఎక్కేశారు. ఊరు మిగతా పెట్టెల్లోకి ఎక్కేసింది. గార్డు పచ్చజెండా ఊపాడు. బండి వెళ్ళిపోయింది.

ప్లాట్‌ఫారం మీద నాన్నగారు, పోర్టరు తాత, నేను మిగిలాం. ఆఫీసరుగారు దిగలేదు. ఊళ్ళో కుక్కలు తప్ప ఎవరూ లేరు. నాన్నగారు ఇత్తడి బొత్తాల తెల్లకోటు విప్పి వంకెకి తగిలించి, ఆఫీసరుగారు ఏ బండికి వస్తున్నారో కనుక్కుందామని లోపలి గదిలో ఫోను పట్టుకున్నారు. ఆ ఫోనులో మాట్లాడ్డమంటే మాటలా? పావుగంట హలో హలో అనడానికే సరిపోయేది. పోర్టరు తాత దీపాలు తుడవడానికి పోయాడు.

ఇక్కడ మామ్మ సంగతి చెప్పాలి. ఆ రోజు ప్లాట్‌ఫారం మీద ఒక్క గింజ కూడా కనబడకూడదని నాన్నగారు ముందే అందరికీ చెప్పారు. అందరూ ఒప్పుకున్నారు. మామ్మ మాత్రం ఏమీ అనలేదు. ఆవిడ మూడు రోజుల క్రితమే బియ్యం నానబోసి పులవబెట్టింది. ఆ పొద్దున పిండి ఉడికించక తప్పదు, ఉడికించాక వడియాలు పెట్టక తప్పదు. బండి వెళ్ళిపోయింది, ఆఫీసరు రాలేదు, ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది, ఎండ బ్రహ్మాండంగా ఉంది. తన నాలుగు రాళ్ళు ఎలాగూ చాలవు, ఊరివాళ్ళ రాళ్ళు కూడా ఊరికే ఎండుతున్నాయి. తడిచీరతో వచ్చి, ఉతికిన పంచెలు పరిచి, ప్లాట్‌ఫారం సగానికి సగం వడియాలు పెట్టేసింది. నాకు కర్ర ఇచ్చి కూర్చోబెట్టి మళ్ళీ లోపలికి పోయింది.

నేను కాసేపు బుద్ధిగానే కూర్చున్నాను. కానీ పార్సిళ్ళు తూచే కాటా అటుపక్క ఉంది. మామూలుగా పోర్టరు తాత దాని మీద ఎక్కనివ్వడు. ఆ రోజు చూసేవాళ్ళు ఎవరూ లేరు. వెళ్ళి ఎక్కాను. ఒంటికాలి మీద నిలబడితే బరువు తగ్గుతుందేమోనని చూశాను. గోడవారగా ఉన్న ఇటుకలు పట్టుకుని ఎక్కాను. ఆ పనిలో ఎంతసేపు ఉన్నానో నాకే తెలియదు.

అంతలో పట్టాల మీద గరగర చప్పుడైంది. నలుగురు మనుషులు తోసే ట్రాలీ ఒకటి వచ్చి ఆగింది. దాని మీద గొడుగు కింద ఒకాయన కూర్చున్నారు. ఖాకీ నిక్కరు, దుమ్ము కొట్టుకుపోయిన చొక్కా, తల మీద టోపీ. తోసేవాళ్ళు నీళ్ళ తొట్టి దగ్గరకి పోయారు. ఆయన ప్లాట్‌ఫారం ఎక్కబోయారు. సరిగ్గా అప్పుడే మామ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఆగు నాయనా, ఆగు. మడి వడియాలు" అంది.

ఆయన ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేశారు. మామ్మ ఆయన్ని పట్టాలు చూసుకునే మేస్త్రీ అనుకుంది. వాళ్ళు అలాగే ట్రాలీల మీద వచ్చి, దాహం తీర్చుకుని పోతుండేవాళ్ళు. పక్క నుంచి ఎలా రావాలో చూపించి, నీడలో కూర్చోబెట్టి, పడి ఉన్న కర్ర ఆయన చేతికిచ్చింది. పిల్ల ఎటో పోయింది, మజ్జిగ తెచ్చిపెడతాను, అందాకా కాస్త కాకులు తోలుతూ ఉండమంది. గుడ్డలకి మాత్రం తగలొద్దంది. ఆయన కర్ర పుచ్చుకున్నారు. నేను కాటా మీద నుంచే ఇదంతా చూస్తున్నాను. నాకూ ఆయన ఎవరో తెలియదు. నా పని ఇంకొకరికి పడ్డందుకు సంతోషించాను.

మామ్మ మజ్జిగ తెచ్చి దూరం నుంచి గ్లాసులో పోసింది. ఆయన తాగి, ఇంకో గ్లాసు తాగి, ఊరు ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటండీ అనడిగారు. ఈ స్టేషనులో జనం బాగా ఎక్కుతారా అని కూడా అడిగారు.

"ఎక్కడం ఏంటి నాయనా, రోజుకి పదిమంది ఎక్కితే పండగే" అంది మామ్మ. "ఇవాళ మాత్రం ఊరు ఊరంతా ఎక్కేసింది. ఎవరో ఆఫీసరు స్టేషను ఎత్తేద్దామని చూడ్డానికొస్తున్నాడట. ఆయనకి చూపించడానికి."

ఆయన నవ్వలేదు. ఒక కాకిని అదిలించి, మళ్ళీ కూర్చున్నారు. మరి పదిమంది కోసం ఇంత స్టేషను ఎందుకండీ అని అడిగారు.

మామ్మ అన్న మాట ఆ గొంతులోనే ఇప్పటికీ నాకు వినబడుతుంది.

"మనింటికి రోజూ చుట్టాలు రారు కదా నాయనా. అలాగని వీధి గుమ్మానికి గోడ కట్టేసుకుంటామా? ఊరికి ఇదే గుమ్మం. నెలలు నిండిన పిల్లని నడిజామున ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే గూడ్సు బండి ఆపిస్తాడు మావాడు. అది ఏ టికెట్ల లెక్కలోకి వస్తుంది?"

అప్పుడు లోపలి నుంచి నాన్నగారు వచ్చారు. ఫోనులో సంగతి తెలిసిపోయింది కాబోలు, కోటు బొత్తాలు పెట్టుకుంటూ పరుగున వచ్చారు. వచ్చి, నల్లగుడ్డ కట్టిన కర్రతో వడియాల మధ్య కూర్చున్న ఆఫీసరుగారిని చూశారు. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టు నిలబడిపోయారు. ఒక అడుగు ముందుకు వేయబోయారు.

"అటు రాకండి మాస్టారూ. మడి" అన్నారు ఆఫీసరుగారు.

మామ్మ కొడుకు మొహం చూసింది, ఆయన మొహం చూసింది. అర్థమైపోయింది. కంగారు పడలేదు. నువ్వేనా నాయనా ఆ ఆఫీసరువి, ముందే చెప్పొద్దూ అంది. భోజనానికి ఉండమంది. ఆయన ఉన్నారు. మా పంచలో అరిటాకు వేసి మామిడికాయ పప్పు, దోసకాయ పచ్చడి, నిరుటి వడియాలు వేయించి వడ్డించారు. వడియాలు రెండోసారి అడిగి వేయించుకున్నారు. నాన్నగారు ఆయన పక్కన కూర్చున్నారు కానీ ముద్ద దిగలేదు.

మూడింటి బండి ఊరిని తిరిగి తెచ్చి దింపింది. ఊరికే వెళ్ళి రావడం ఎందుకని ఎవరి పనులు వాళ్ళు చేసుకొచ్చారు. కొందరు భీమేశ్వరస్వామి దర్శనం, కొందరు పళ్ళ డాక్టరు, ఒకావిడ ఏకంగా తిరగలి రాయి. ప్రెసిడెంటుగారి చేతిలో దండ లేదు. కోటు మనిషి ఇన్సూరెన్సు ఏజెంటట. దండ వేయించుకుని, సామర్లకోట చేరేలోగా ప్రెసిడెంటుగారి చేత ఒక పాలసీ కూడా కట్టించేశాడు. ఆఫీసరుగారు స్తంభం దగ్గర నిలబడి దిగేవాళ్ళందరినీ చూశారు. ప్రెసిడెంటుగారికి నమస్కారం పెట్టి, ట్రాలీ ఎక్కి వెళ్ళిపోయారు.

తర్వాత మూడు వారాలు మా ఇంట్లో అందరి కళ్ళూ టపా సంచీ మీదే. నా సంగతి ఇంకా అన్యాయం. నేను కాటా ఎక్కకుండా నా పని నేను చేసి ఉంటే, ఆయన కర్ర పట్టుకునేవారు కాదు, మామ్మ ఉన్న మాటంతా చెప్పేసేది కాదు. స్టేషను పోతే అది నా వల్లే. ఆ భయంతో వడియాల వైపే చూడడం మానేశాను. చివరికి ఉండబట్టలేక నాన్నగారి దగ్గర ఏడ్చేశాను.

ఒకే రోజు రెండు కవర్లు వచ్చాయి. మొదటి దాంట్లో, స్టేషను యథాప్రకారం కొనసాగించాలని ఉంది. ఊరు ఊరంతా కొబ్బరికాయలు కొట్టారు. ప్రెసిడెంటుగారు అది తన ఎత్తు ఫలితమేనని చనిపోయేదాకా చెప్పుకున్నారు. రెండో కవరు సంగతి ఊరికి తెలియదు. ప్లాట్‌ఫారాన్ని సొంత పనులకి వాడనిచ్చినందుకు స్టేషను మాస్టరుని రాయలసీమకి బదిలీ చేశారు. అమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. మన ఉప్పు తిని ఇదేం న్యాయమంది. నాన్నగారికి కోపం రాలేదు.

"ఆయన చూసిందే రాశారు. రెండూ నిజమే కదా" అన్నారు.

తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నేను ఆ రోజు కాకులు తోలుతూ ఉండి ఉంటే మామ్మకి ఆ మాటలు చెప్పే సందు దొరికేది కాదు, స్టేషను నిలిచేది కాదు అన్నారు. అది నన్ను ఓదార్చడానికే అయినా, నేను యాభై ఏళ్ళుగా ఆ మాటనే పట్టుకున్నాను.

మామ్మకి మాత్రం, నాన్నగారికి పెద్ద స్టేషనుకి ప్రమోషను వచ్చిందని చెప్పాం. అమ్మా నాన్నగారూ నా చేత ఒట్టు వేయించుకున్నారు. మామ్మ, కొడుకు వృద్ధిలోకి వస్తుంటే నీళ్ళదేముందిరా అంది. పెద్ద గంగాళంతో పులిహోర కలిపి ఊరందరికీ పంచిపెట్టింది. ఎండబెట్టిన వడియాలన్నీ ఇంటింటికీ దోసెడు చొప్పున ఇచ్చేసింది. మా కోసం దాచిన డబ్బా కూడా పోర్టరు తాత భార్యకి ఇచ్చింది. ఏంటత్తయ్యగారూ మనకి అని అమ్మ అడిగితే, అక్కడ మళ్ళీ పెట్టుకుందాంలే అంది. మేం వెళ్ళిన రోజున ఊళ్ళో ఆడవాళ్ళు పసుపు కుంకాలతో వచ్చి, ఆవిడ నాలుగు రాళ్ళూ ఎవరికీ ఇవ్వమని, ఎప్పుడొచ్చినా ఆవిడవేనని చెప్పారు. ఆవిడ నవ్వుతూనే రైలెక్కింది. నేను చివరిదాకా ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాను. ఏమీ కనిపెట్టలేకపోయాను.

ఇక్కడిదాకా చెప్పేసరికి రైతు ధాన్యం అంతా ఒక చుట్టు తిప్పి వచ్చి మా పక్కనే కూర్చుని వింటున్నాడు. ఆ స్టేషను తర్వాత ముప్పై ఏళ్ళకి పైగా నడిచిందనీ, తను కాలేజీకి అక్కణ్ణుంచే వెళ్ళాడనీ చెప్పాడు. మోటారు సైకిళ్ళొచ్చాక పదిమంది కూడా ఎక్కడం మానేశారని, ఇంక ఎత్తేస్తే ఎవరూ ఏమీ అనలేదని నిజాయితీగా ఒప్పుకున్నాడు. వాళ్ళమ్మ కూడా ఈ రాళ్ళ మీద తాండ్ర పెట్టేదట. మాకు చెరో కొబ్బరిబొండాం కొట్టి ఇచ్చాడు. రైలొకటి ఆగకుండా దూసుకుపోయింది. ధాన్యం మీద పొట్టు లేచి మా తలల మీద పడింది.

కారెక్కాక తమ్ముడు తాళం తిప్పకుండా కూర్చున్నాడు. దర్శనం లైను మాట మరిచిపోయాడు.

"అయితే అక్కా, అది ప్రమోషను కాదని మామ్మకి చివరిదాకా తెలీదా?" అన్నాడు.

నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నానని చెప్పాను. ఆ సీమ ఊళ్ళో మేం ఎనిమిదేళ్ళున్నాం. అక్కడి ఎండ వాడికీ గుర్తే. మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా వాకిట్లో కాలు పెట్టలేం. స్టేషను ప్లాట్‌ఫారం మా ఇంటి గుమ్మానికి పది అడుగులు. మొదటి వేసవిలో అమ్మ ఉత్సాహంగా బియ్యం నానబోసి, వడియాలు ఎక్కడ పెడదాం అత్తయ్యగారూ అని అడిగింది. మామ్మ గుమ్మంలో నిలబడి, తెల్లగా మెరిసిపోతున్న ఆ ప్లాట్‌ఫారం వంక కాసేపు చూసింది.

"ఈ ఊళ్ళో ఎండ చాలదే" అంది.

ఆ ఎనిమిదేళ్ళలో ఆవిడ మళ్ళీ ఒక్క వడియం పెట్టలేదు.